తల్లిబువ్వ

షామీర్‌పేట,
ఆదివారం మధ్యాహ్నం.

అన్నా,

నీ చెల్లె రాజమణి నీకూ వదినకూ దండం పెట్టి రాస్తున్నది. ఇక్కడ మేము ముగ్గురం బాగానే ఉన్నాం. అక్కడ నువ్వు, వదిన, అమ్మ, పిల్లలు, గొర్రెల మంద, మందకు కాపలా ఉండే మన కుక్క కర్రి, అందరూ బాగున్నారని అనుకుంటున్నాను. అమ్మ మోకాళ్లు ఎలా ఉన్నాయి? చలి మొదలైంది, పొద్దున్నే చన్నీళ్లలో చేతులు పెట్టనీయకండి. చిన్నోడి దగ్గు తగ్గిందా? వదినా, ఈ ఉత్తరం అన్నకు చదివి వినిపించేది నువ్వే కదా. నవ్వొచ్చిన చోట నవ్వు గానీ ఒక్క ముక్క కూడా దాటెయ్యకు. పదో తరగతి పాసైన దాన్ని కాబట్టి కలం పట్టుకుంటే పుస్తకంలోలా రాస్తానని అన్న ఎగతాళి చేస్తాడు. చెయ్యనీ.

ఫోను చెయ్యకుండా ఉత్తరం ఎందుకని అడుగుతావేమో. ఎస్టీడీ బూత్‌లో నిలబడితే కళ్లన్నీ మీటరు మీదే ఉంటాయి, అసలు మాట నోట్లోనే ఉండిపోతుంది. పైగా వెనక నలుగురు నిలబడి వింటుంటారు. నేను నీతో చెప్పాల్సింది అలా నిలబడి చెప్పేది కాదు.

ముందు మా సంగతి. సూరారంలో కిరాయి గది ఖాళీ చేసి, షామీర్‌పేట దగ్గర వెంచర్‌లో కొన్న ప్లాటులో రేకులతో రెండు గదులు వేసుకున్నామని నీకు తెలుసు. వెంచర్ అంటే ఏదో అనుకునేవు. పాతిన రాళ్లు, వాటి మీద తెల్ల సున్నం, నడుమ మట్టి రోడ్డు, అంతే. మొత్తం మీద నాలుగు ఇళ్లు లేచాయి, ఒకదానికొకటి కేకవేస్తే వినిపించనంత దూరం. మా ఆయన మేడ్చల్ దగ్గర ప్లాస్టిక్ డబ్బాల కంపెనీలో షిఫ్టులకు పోతాడు. స్వప్న మూడో తరగతి. బడి దగ్గర దింపి వచ్చాక సాయంత్రం దాకా నాతో మాట్లాడేది కుక్కరు ఒక్కటే. సూరారంలో గోడకు గోడ ఆనుకుని ఉండేవాళ్లం, పక్కింటి వాళ్లు పోపు వేస్తే మాకు తుమ్ములొచ్చేవి. అప్పుడు విసుక్కునేదాన్ని. ఇప్పుడు ఆ తుమ్ములు కూడా గుర్తుకొస్తున్నాయి.

మొన్న దసరా అయ్యాక ఒకరోజు పిల్లను బడి నుంచి తీసుకొచ్చేలోపు తాళం పగలగొట్టి గ్యాస్ సిలిండరు ఎత్తుకుపోయారు. పట్టపగలే. అదే వారం అవతలి ఇంటి బోరు మోటారు వైరు కోసుకుపోయారు. ఇక నాకు ఇంట్లో ఉంటే బయట ఎవరో ఉన్నట్టు, బయటికి పోతే ఇంట్లో ఎవరో దూరినట్టు. మా ఆయన పరేషాన్ అయిపోయి, కుక్కను తెద్దామన్నాడు. తెద్దామంటే మామూలు కుక్క కాదు. కొంపల్లిలో వాళ్ల సూపర్‌వైజరు విల్లాలో ఒక నల్లటి రాట్‌వీలర్ ఉంది. దాన్ని చూసి వచ్చిన రోజు నుంచి అదే పాట. ఒకసారి నన్నూ తీసుకెళ్లి చూపించాడు. ఇంత లావు తల, కారు షెడ్డులో గొలుసుకు కట్టేసి ఉంది. ఆ ఇంటావిడ అన్నం గిన్నెను కర్రతో ముందుకు తోస్తుంది. సొంత కుక్కకు కర్రతో అన్నం పెట్టడం నేను అక్కడే చూశాను. ఇంటికొచ్చే దారిలో, "గా కుక్కకు దొంగలే కాదు, ఇంటోళ్లు గూడ భయపడుతున్రు" అన్నాను. మా ఆయనకు నచ్చలేదు.

"మరి అల్సేషన్ తెద్దాం. పోలీసోళ్లు గూడ గదే పెడ్తరు" అన్నాడు.

సూపర్‌వైజరు ఆయనకు ఒక సలహా ఇచ్చాడట, పేపర్లున్న కుక్కనే కొనమని. పేపర్లంటే ఏమిటో ఈయన అడగలేదు, ఆయన చెప్పలేదు. ఒక ఆదివారం కొంపల్లి రోడ్డు పక్కన ఒకతను అట్టపెట్టెల్లో కుక్కపిల్లల్ని పెట్టుకుని అమ్ముతుంటే ఆగాం. పిడికెడంత పిల్ల, నిద్రమత్తులో ఊగుతోంది. స్వప్న చేతిలోకి తీసుకుని ఇక దించలేదు.

నేను అడిగాను, "దీని తల్లేది?"

"తల్లెందుకక్కా, నువ్వు కొనేది పిల్లను గదా. తల్లి బెంగుళూర్ల ఉంటది."

"పేపర్లున్నయా?" అని మా ఆయన గట్టిగా అడిగాడు, తెలిసినవాడిలా.

"పేపర్లు లేకుంట నేను ఇయ్యనే ఇయ్య."

ఇంటికొచ్చి పెట్టె తెరిస్తే అడుగున పరిచిన పాత న్యూస్ పేపర్లున్నాయి. మా ఆయన ఒక్కొక్కటి తీసి అటూ ఇటూ తిప్పి చూశాడు, కుక్క పేరు ఎక్కడైనా రాసి ఉందేమోనని. స్వప్న అందులో సినిమా ప్రకటన చదివి వినిపించింది. ఆ రోజు ముగ్గురం కడుపు పట్టుకుని నవ్వాం. ఆ తర్వాత మళ్లీ అలా నవ్వలేదు.

అన్నా, నాకు తెలియక కాదు. తల్లిని చూడకుండా పిల్లను తేకూడదని నాయిన ఎన్నిసార్లు చెప్పలేదు? ఎవరింటి నుంచి కుక్కపిల్లను తెచ్చుకోవాలన్నా మనింట్లో వండిన బువ్వ పట్టుకుపోయి, ఆ తల్లికి మన చేత్తో పెట్టాలి. తన పిల్లలు పక్కనుండగా అది మన చేతిలో తింటేనే పిల్లను ఎత్తుకోవాలి. గుర్రుమంటే దండం పెట్టి వెనక్కొచ్చెయ్యాలి, మళ్లీ వారం పోవాలి. కర్రి వాళ్ల అమ్మమ్మ కోసం నాయిన మూడు వారాలు తిరిగాడని నువ్వే కదా చెప్పావు. తల్లిబువ్వ పెట్టకుండా తెచ్చిన పిల్ల నిలవదని ఆయన అంటే నేను నవ్వేదాన్ని, ఇదేం శాస్త్రమని. ఆ రోజు రోడ్డు పక్కన నా మనసు పీకింది. కానీ స్వప్న ముఖం చూసి, ఆయన తొందర చూసి, నోరు మూసుకున్నాను. నోరు మూసుకోవాల్సిన చోట మూసుకోను, తెరవాల్సిన చోట తెరవను, నా సంగతి నీకు తెలియనిదా.

మా ఆయన దానికి టైగర్ అని పేరు పెట్టాడు. స్వప్న బుజ్జి అంది. మూడు రోజులు ఇల్లంతా అదే. నాలుగో రోజు పాలు ముట్టలేదు, వాంతులు, ఆ తర్వాత రక్తంతో విరేచనాలు. మేడ్చల్ పశువుల దవాఖానకు పరిగెత్తాం. అక్కడి డాక్టరమ్మ దాని నోరు తెరిచి పళ్లు చూసి, "దీనికి నెల కూడా నిండలేదు. తల్లి దగ్గర ఇంకో నెల ఉండాల్సింది" అంది. ఒక్క టీకా సూది కూడా వేయించి ఉండరంది. పేగులకు వచ్చే అంటురోగమట, మనం తేకముందే ఆ అట్టపెట్టెలోనే తగులుకుని ఉంటుందట. సెలైన్ పెట్టింది, రెండు రోజులు తిప్పించుకుంది. నిలవలేదు.

ఇప్పుడు నేను చేసిన తప్పు రాస్తున్నాను. వదినా, ఇక్కడ మెల్లగా చదువు. కుక్కపిల్ల చచ్చిపోయిన పొద్దున నాకు ఏం చెయ్యాలో తోచక, ఏడుపు కోపంగా మారి, స్వప్న మీద అరిచాను. "నువ్వు గా బర్రెపాలు తాపినందుకే గిట్లయింది. వద్దంటే విన్నవా?" అన్నాను. డాక్టరమ్మ చెప్పింది విని కూడా అన్నాను. స్వప్న పాలగిన్నెను కడిగి బోర్లించింది. ఏడవను కూడా లేదు. నేనూ మాట అనేసి మర్చిపోయాను. అనేవాళ్లం మర్చిపోతాం.

ఆ తర్వాత డాక్టరమ్మ దగ్గరికి దవాఖాన చీటీ తిరిగి ఇవ్వడానికి పోతే, మా ఆయన ఊరుకోకుండా "ఈసారి మంచి జాతిది చెప్పండి మేడం" అన్నాడు. ఆమె చీటీ పక్కన పెట్టి, "కుక్క జాతి తర్వాత చూద్దాం, ముందు మీ ఇల్లు ఎలాంటిదో చెప్పండి" అంది. పగలు ఇంట్లో ఎవరుంటారు, పిల్లలున్నారా, నీడ ఎంతుంది, రోజూ తిప్పేదెవరు, ఊరికి పోతే ఎవరికి అప్పజెబుతారు, అన్నీ అడిగింది. పేపర్లంటే తల్లిదండ్రుల వివరాలు రాసిన పత్రమని, అది ఉన్నా సరే తల్లిని కళ్లారా చూడకుండా, సూదుల కార్డు చూడకుండా, రెండు నెలలు నిండకుండా తేవద్దని చెప్పింది. నాయిన బడికి పోలేదు, ఆమె పెద్ద చదువులు చదివింది, ఇద్దరూ చెప్పింది ఒకటే.

ఆమే ఒకరి పేరు చెప్పింది. షామీర్‌పేట చెరువు అవతల మిలిటరీలో చేసి రిటైరైన ఒక పెద్దాయన ఉన్నాడు, ఆయన దగ్గర అల్సేషన్ ఈనింది. ఆయన అమ్మకానికని పెంచేవాడు కాదు, నాలుగేళ్లకోసారి ఒక ఈత, అంతే. నేను ఈసారి తప్పు చెయ్యదలచుకోలేదు. పొద్దున్నే అన్నం వండి, పప్పు కలిపి, ఉప్పు కారం లేకుండా డబ్బాలో పెట్టుకున్నాను. బస్సులో మా ఆయన ఆ డబ్బాను చూసి తల కొట్టుకున్నాడు.

మిలిటరీ సారు నవ్వలేదు. తల్లిబువ్వ సంగతి చెబితే శ్రద్ధగా విని, "మంచి పద్ధతమ్మా. పెట్టు" అని తల్లి కుక్క ఉన్న అర్ర తలుపు తీశాడు. ఎంత శుభ్రమో అన్నా, కింద ఎండుగడ్డి, నీళ్ల తొట్టి. ఆరు పిల్లలు. తల్లి లేచి మా దగ్గరికొచ్చి వాసన చూసింది. నేను డబ్బా స్వప్నకిచ్చి, "నువ్వు పెట్టు బిడ్డా, కుక్క నీదే గదా" అన్నాను.

స్వప్న రెండు చేతులూ వీపు వెనక్కి పెట్టుకుంది.

"భయమా పాపా? కరువదు" అన్నాడు సారు.

"నేను పెడితే సస్తది" అంది స్వప్న.

అంత మామూలుగా అంది, పేరు అడిగితే చెప్పినట్టు. అప్పుడు నాకు ఒక్కొక్కటి గుర్తొచ్చాయి. అవతలి ఇంటి మేకపిల్ల వస్తే చేతులు వెనక్కి పెట్టుకుంది. ఇంకో ఇంటి పసివాణ్ని ఎత్తుకోమంటే ఎత్తుకోలేదు. పిట్టలకు గింజలు కూడా నన్నే వెయ్యమంది. నెల రోజులుగా నా కళ్ల ముందే జరుగుతోంది, అలిగిందనుకున్నాను. నా మాట దాని చేతుల్లో కూర్చుందని నాకు తెలియలేదు. అక్కడే నేల మీద కూలబడి ఏడ్చాను. మా ఆయనకు ఏం అర్థం కాలేదు, సారుకు అర్థమైనట్టుంది. ఆయనే నన్ను లేపి, నీళ్లిచ్చి కూర్చోబెట్టాడు.

తల్లి నా చేత్తో తిన్నది. శుభ్రంగా డబ్బా నాకింది. అయినా సారు పిల్లను ఇవ్వనన్నాడు.

మా ఆయన ముఖం మాడిపోయింది. "పైసలు కట్టనంటున్ననా సార్?" అన్నాడు.

"పైసల మాట కాదు తమ్మీ. రేకుల ఇల్లంటున్నవ్, చెట్టు లేదంటున్నవ్. గింత బొచ్చున్న కుక్క ఎండాకాలం గా రేకుల కింద ఎట్ల బతుకుతది? నువ్వు డ్యూటీకి పోతే నలబై కిలోల కుక్క గొలుసు నీ భార్య పట్టగలదా? రోజుకు రెండు సార్లు తిప్పకుంటే అదే మీ పానం తీస్తది" అన్నాడు. ఆ తర్వాత నా వైపు తిరిగి, "మీకు కావల్సింది కరిచే కుక్క కాదమ్మా. ఎవరన్న వస్తే చెప్పే కుక్క. పిల్లతోటి పెరిగే కుక్క. ఎండకు, వానకు అలవాటైన కుక్క. అయినా ఏ పిల్లను తెచ్చినా మొదటి ఏడాది మీరే దానికి కాపలా, అది మీకు కాదు. గది తెలుసుకోని తెచ్చుకోండి" అన్నాడు.

నేను ఏదో ఒకటి అనాలని, మా పుట్టింట్లో మంద ఉందని, చిన్నప్పటి నుంచి కుక్కల మధ్యే పెరిగానని చెప్పాను.

"మరి మీ అన్న దగ్గర కుక్క లేదా?" అన్నాడు.

అన్నా, ఆ ప్రశ్నకు నేను నేల చూపులు చూశాను. మేము ఊరు విడిచిన రోజు, సామాను డీసీఎం వ్యానులోకి ఎక్కిస్తుంటే నువ్వు గొంగడి కింద నుంచి కర్రి పిల్లను తీసి నా ముందు పెట్టావు. రెండు నెలలు నిండాక ఇద్దామని ఆగానన్నావు. నేను ఏమన్నానో నీకు గుర్తుండే ఉంటుంది. "పట్నంల ఊరకుక్కను కడితే నవ్వుతరన్నా" అన్నాను. పిల్లను మళ్లీ గొంగడి కింద పెట్టుకుని మంద దగ్గరికి పోయావు. బండి కదిలేటప్పుడు కూడా రాలేదు. నీకు కోపం వచ్చిందనుకున్నాను, పోనీలే అనుకున్నాను. ఇన్నాళ్లూ ఫోనులో బాగున్నావా అంటే బాగున్నా అని ఇద్దరం పెట్టేస్తున్నాం. ఆ పిల్ల ఎవరింట్లో ఉందో కూడా నేను అడగలేదు. నన్ను క్షమించు అన్నా. ఆ మాట మా ఆయనది కాదు, అత్తగారిది కాదు, నాదే.

మొన్న మన ఊరి సాయిలు మేడ్చల్‌లో కనిపించి, కర్రి మళ్లీ ఈనిందని, ఐదు పిల్లలని, ఇంకా నెల కూడా కాలేదని చెప్పాడు. అప్పటి నుంచి ఈ ఉత్తరం మనసులో రాస్తూనే ఉన్నాను. నీకు ఇష్టమైతే ఒక పిల్లను మాకు ఉంచు. ఆడదైనా, మగదైనా, ఏ రంగైనా సరే. రెండు నెలలు నిండేదాకా తల్లి దగ్గరే ఉండనీ, ఎవరు తొందర పెట్టినా ఇవ్వకు. డాక్టరమ్మను అడిగాను, తెచ్చిన వారంలోనే సూదులు మొదలుపెడతానంది, రేబిస్ సూది వేళకు తప్పక వెయ్యాలంది. మా ఆయన దారికొచ్చాడు. ఇంటి వెనక తడికలతో చిన్న పాక వేశాడు, రేకు కాదు, తాటాకే కప్పాడు. ముందు రెండు వేప మొక్కలు పెట్టాడు. గొలుసు కొనలేదు. టైగర్ అనే పేరు మాత్రం వదలడం లేదు, అది నేను చూసుకుంటాను.

ఇంకో చిన్న పని. కర్రి కింద ఇప్పటి నుంచే ఒక పాత గోనె పరిచి ఉంచు. తల్లి వాసన ఉన్న గుడ్డ వెంట తెచ్చుకుంటే కొత్త చోట పిల్ల ఏడవదని సారు చెప్పాడు. ఆయన మాకు పిల్లనివ్వలేదు గానీ, వచ్చేటప్పుడు ఇవన్నీ కూర్చోబెట్టి చెప్పాడు. పిల్లను తెచ్చాక తీసుకొచ్చి చూపించమన్నాడు కూడా. వదినా, పుంటికూర గింజలు, కాసిని జొన్నలు మూటగట్టి ఉంచు. ఇక్కడి పిండిలో రుచి లేదు. అమ్మకు తైలం తెస్తున్నానని చెప్పు. పెద్దమ్మకు, పెదబాపుకు మా దండాలు. పిల్లలకు ముద్దులు.

స్వప్నతో నేను మాట్లాడాను. నేను అన్నది అబద్ధమని, కోపంలో అన్నానని, బుజ్జి రోగంతోనే మన ఇంటికి వచ్చిందని ఎన్నో తీర్ల చెప్పాను. డాక్టరమ్మతో కూడా చెప్పించాను. అన్నిటికీ తల ఊపుతుంది. చేతులు మాత్రం ముందుకు రావు. మాట అన్నంత సులువుగా వెనక్కి తీసుకోలేమని నాకు ఇప్పుడు తెలిసింది.

నిన్న జడ వేస్తుంటే తనంతట తనే అడిగింది, "అమ్మా, మల్లేశం మామ వాళ్ల కర్రికి నేను తల్లిబువ్వ పెట్టొచ్చా?"

"నువ్వే పెట్టాలె" అన్నాను.

జడ పూర్తయ్యాక మళ్లీ అడిగింది.

"అది నా చేత్తోటి తింటే, బుజ్జి నా వల్ల సావనట్టేనా?"

అవునన్నాను. ఇంకేమనను? కానీ ఆ తర్వాతే గుర్తొచ్చింది. కర్రి నీ చేత్తో, వదిన చేత్తో తప్ప ఎవరి చేత్తోనూ తినదు. ఈనినప్పుడైతే అమ్మను కూడా దగ్గరికి రానివ్వదు. స్వప్న చెయ్యి చూసి గుర్రుమంటే, నాయిన లెక్కన మేము వెనక్కి రావాలి. పిల్ల లేకుండా రావడం నాకు కష్టం కాదు, మళ్లీ వారం వస్తాను, మూడు వారాలైనా తిరుగుతాను. కానీ స్వప్న ఆ గుర్రును ఇంకోలా వింటుంది.

అందుకే ఒక్కటి అడుగుతున్నాను. పిల్లలకు రెండు నెలలు నిండాక మేము మేడ్చల్ నుంచి మొదటి బస్సుకే వస్తాం, ఎండ ఎక్కకముందే మంద దగ్గర ఉంటాం. ఆ రోజు పొద్దున, మేము వచ్చేదాకా, కర్రికి జొన్న గటక పెట్టకు. పాలిచ్చే తల్లిని ఆకలితో ఉంచి బువ్వ పెట్టడం తల్లిబువ్వ కాదు, దొంగబువ్వ అని నాకూ తెలుసు. నాయిన ఉంటే ఒప్పుకునేవాడు కాదు.

నువ్వు ఒప్పుకో అన్నా.

నీ దీవెన కోసం చూసే
నీ చెల్లె
రాజమణి